మూణ్ణాళ్ల ముచ్చట చక్రవర్తులు: మూడో శతాబ్దపు రోమన్ నాణేలు సేకరించడం ఎలా?

మారియస్ అని ఒక కమ్మరి ఉండేవాడట. క్రీ.శ. 269లో గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతపు సైనికులు అతన్ని ఎత్తుకొచ్చి చక్రవర్తివి నువ్వే అన్నారు. మొదటి రోజు గద్దెనెక్కాడు, రెండో రోజు ఏలాడు, మూడో రోజు చచ్చాడు. పొడిచినవాడు ఒకప్పుడు అతని కొలిమిలో పనిచేసినవాడేననీ, "ఇది నువ్వు చేసిన కత్తే" అంటూ పొడిచాడనీ ఒక పాత లాటిన్ చరిత్ర గ్రంథంలో ఉంది. మూణ్ణాళ్ల ముచ్చట అని మనం మాటవరసకు అంటుంటాం గానీ, ఇతని విషయంలో అది అక్షరాలా నిజమన్నమాట.

కథ బాగానే ఉంది. అతని నాణేలే ఆ కథను ఒప్పుకోవు. చేతులు కలిపిన బొమ్మతో ఒకటి, విజయలక్ష్మి లాంటి రెక్కల దేవతతో ఒకటి, సైనికుల విధేయతను పొగుడుతూ ఇంకొకటి, ఇలా రకరకాల అచ్చులు. ఒక్కో అచ్చును ఇనుప దిమ్మ మీద చేత్తో చెక్కాలి. మూడు రోజుల్లో అయ్యే పని కాదది. కాబట్టి మారియస్ కనీసం కొన్ని వారాలు, బహుశా రెండు మూడు నెలలు ఏలి ఉంటాడని నేటి చరిత్రకారుల అంచనా. మీరు కొనబోయే నాణెం అలాంటి సాక్ష్యం. ఈ కొద్దికాలపు రాజుల్లో చాలామందికి శిల్పాలు లేవు, నమ్మదగ్గ చరిత్ర లేదు. మిగిలింది నాణేలే.

కొత్తవాళ్లు ఒక చోట తప్పకుండా బోల్తా పడతారు. తక్కువ రోజులు ఏలినవాడి నాణెం ఎక్కువ ధర పలుకుతుందనుకుంటారు. రోజులకీ ధరకీ నేరుగా లెక్క కుదరదు. గద్దెనెక్కగానే ఎంతమంది సైనికుల చేతులు తడపాల్సి వచ్చింది, ఎన్ని టంకశాలలు చేతిలో ఉన్నాయి, ఆ డబ్బులో ఎంత కుండల్లో పాతిపెట్టారు, వాటిలో ఎన్ని బయటపడ్డాయి, ధరను తేల్చేవి ఇవి. మీ సేకరణను ఈ లెక్క మీదే కట్టుకోండి.

మొదటి మెట్టు: పేర్ల పట్టిక రాసుకోండి, ధరల వరసలో

235లో సెవెరస్ అలెగ్జాండర్ హత్య దగ్గర మొదలుపెట్టి 284లో డయోక్లీషియన్ గద్దెనెక్కేదాకా అర్ధ శతాబ్దం. ఈ మధ్యలో వచ్చిపోయినవాళ్లను ఒక నోటుబుక్కులో రాసుకోండి. కాలక్రమం తర్వాత చూసుకోవచ్చు. ముందు మూడు గుంపులు చేయండి.

సులువుగా దొరికేవాళ్లు: క్వింటిల్లస్ (270), టాసిటస్ (275–276), ఫ్లోరియన్ (276), మారియస్. కాస్త చెయ్యి తిరగాల్సినవాళ్లు: ఎమిలియన్ (253), హోస్టిలియన్ (251), మాక్రియానస్, క్వైటస్ అనే అన్నదమ్ములు (260–261), బాల్బినస్, ప్యుపియెనస్ (238). జేబుకు చిల్లు పెట్టేవాళ్లు: మొదటి గోర్డియన్, రెండో గోర్డియన్ (238), లీలియానస్ (269), పకాటియన్ (248), పన్నోనియా జూలియన్ (284–285).

మారియస్‌నీ లీలియానస్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరిదీ ఒకే ఏడాది, ఒకే ప్రాంతం, నెలల్లో ముగిసిన పాలన. లీలియానస్ నేటి జర్మనీలోని మైంజ్‌లో తిరగబడి, గాల్‌ను ఏలుతున్న పోస్ట్యుమస్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఊరిని దోచుకోనివ్వలేదని సొంత సైనికులే పోస్ట్యుమస్‌ను చంపారు, ఆ గందరగోళంలోనే మారియస్ పైకొచ్చాడు. మారియస్‌కు పోస్ట్యుమస్ టంకశాలలు అమిరిపోయాయి, లీలియానస్‌కు ఆ సౌకర్యం లేకపోయింది. అందుకే ఈనాటికీ లీలియానస్ నాణెం ధర మారియస్ నాణేనికి ఎన్నో రెట్లు ఎక్కువ.

సులువైన గుంపు ఎందుకంత సులువంటే, కారణం లంకెబిందెలు. 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒక్క కుండలోనే 52,503 నాణేలు దొరికాయి, ఎక్కువ భాగం ఈ మూడో శతాబ్దానివే. వెండి తగ్గిపోయిన డబ్బు, చుట్టూ యుద్ధాలు. జనం కుండల కొద్దీ పాతిపెట్టారు, చాలామంది తిరిగొచ్చి తవ్వుకోలేకపోయారు.

రెండో మెట్టు: మొదటి నాణెంగా క్వింటిల్లస్‌ను కొనండి

నన్నడిగితే మరో పేరు చెప్పను. 270లో అన్న రెండో క్లాడియస్ ప్లేగుతో పోయాడు. ఇటలీలో ఉన్న తమ్ముడు క్వింటిల్లస్ గద్దెనెక్కాడు. డాన్యూబ్ సైన్యం మాత్రం ఆరేలియన్‌ను ఎన్నుకుంది. క్వింటిల్లస్ కథ అక్విలేయా పట్టణంలో ముగిసింది. ఒక రచయిత 17 రోజులంటాడు, ఇంకొకరు కొన్ని నెలలంటారు. రోమ్, మిలన్, సిసియా, సిజికస్, నాలుగు టంకశాలలు అతని పేరిట నాణేలు కొట్టాయి కాబట్టి 17 రోజుల మాట నమ్మబుద్ధి కాదు. చూడచక్కని నాణెం 40 నుంచి 80 డాలర్ల మధ్య దొరుకుతుంది.

చేతిలోకి తీసుకుంటే రూపాయి బిళ్ల కన్నా చిన్నది, సన్నది. రెండు అంగుళాల చదరపు అట్టలో పెట్టి పంపుతారు. తూకం 3 గ్రాముల అటూ ఇటూ. పేరుకు ఆంటోనినియానస్, అంటే వెండి నాణెం. 215లో కారకల్లా మొదలుపెట్టినప్పుడు అందులో సగం దాకా వెండి ఉండేది. క్వింటిల్లస్ నాటికి నూటికి రెండు మూడు పాళ్లకు పడిపోయింది. అందుకే నాణెం రంగు వెండిలా ఉండదు. ఎండిన ఉసిరికాయ రంగు, అక్కడక్కడ పచ్చటి చిలుము. బొమ్మ వైపు గడ్డం, తల మీద సూర్యకిరణాల్లాంటి మొనల కిరీటం. ఆ మొనలుంటే ఆంటోనినియానస్, ఆకుల దండ ఉంటే డెనారియస్ అనే ఇంకో వెండి నాణెం. రాణుల నాణేల మీద కిరీటం బదులు భుజాల కింద నెలవంక ఉంటుంది. ఈ మూడూ గుర్తుంటే బల్ల మీది సగం నాణేలను దూరం నుంచే విడదీయగలరు.

మూడో మెట్టు: అక్షరాలు చదవండి, అమ్మేవాడి చీటీని కాదు

ఇక్కడ తొందర పనికిరాదు. నేను ఎనిమిదేళ్ల కింద ఒక ఆన్‌లైన్ దుకాణంలో మొదటి క్వింటిల్లస్ కొన్నాను. చీటీ మీద ఆ పేరే ఉంది. నెల తర్వాత ఒక రాత్రి దీపం పక్కనుంచి వేసి చూస్తే, అరిగిన అక్షరాల చివర "డి-ఐ-వి-ఎస్" కనిపించింది. క్లాడియస్! అన్నగారు. వెయ్యి చోట్ల వెయ్యి రూపాయలకు దొరికే నాణేనికి నాలుగింతలు పోశాను. అమ్మినవాడిని అడిగితే "మాకొచ్చిన చీటీనే పెట్టాం" అన్నాడు. డబ్బు తిరిగి రాలేదు. ఆ నాణెం ఇప్పటికీ నా పెట్టెలో మొదటి గడిలోనే ఉంది.

కాబట్టి పద్ధతి ఇది. నాణేన్ని ముఖం నిటారుగా ఉండేట్టు పట్టుకోండి. ఎడమ వైపు కింద, గడియారంలో ఏడు దగ్గర అక్షరాలు మొదలవుతాయి, ముల్లు తిరిగినట్టే చుట్టూ తిరిగి ఐదు దగ్గర ముగుస్తాయి. "యు" అక్షరం ఉండదు, దాని చోట "వి" రాస్తారు. మొదట "ఐ-ఎం-పి" ఉంటుంది, సేనాని బిరుదు. చివర "ఎ-వి-జి", అగస్టస్ అనే చక్రవర్తి బిరుదు. ఈ రెండింటి మధ్య ఉన్నదే పేరు. అరిగిన నాణెంలో చివరి బిరుదుకు ముందున్న నాలుగు అక్షరాలే మీ పాలిట దేవుళ్లు. "ఎల్-ఎల్-వి-ఎస్" అయితే క్వింటిల్లస్, "డి-ఐ-వి-ఎస్" అయితే క్లాడియస్.

బొరుసు వైపు కూడా ఒక కిటుకుంది. అక్కడ "ఎ-వి-జి-జి" అని రెండు "జి"లు కనిపిస్తే ఇద్దరు చక్రవర్తులు కలిసి ఏలుతున్నారని అర్థం. ఒక్కో చక్రవర్తికి ఒక్కో "జి". ఆరేలియన్ సంస్కరణల తర్వాతి నాణేల మీద, బొరుసు అడుగున రోమన్ అంకెల్లో 21 లాంటి గుర్తు ఉంటుంది: రెండు "ఎక్స్"లు, ఒక "ఐ". ఇరవై పాళ్ల రాగికి ఒక పాలు వెండి అని దానికి ఎక్కువమంది చెప్పే అర్థం. ఫ్లోరియన్, టాసిటస్ నాణేల మీద అది చూడొచ్చు.

చదివింది సరిచూసుకోవడానికి న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఓక్రే అనే ఉచిత ఆన్‌లైన్ జాబితా ఉంది. టంకశాల, పేరు, బొరుసు బొమ్మ ఎంచుకుంటే ఆర్.ఐ.సి. (రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే ప్రామాణిక జాబితా గ్రంథం) నంబరు వస్తుంది. ఆ నంబరు ప్రపంచమంతా చెల్లుతుంది.

నాలుగో మెట్టు: నకిలీని పట్టుకోండి

కొనాల్సినవి మూడే: 0.01 గ్రాము చూపించే చిన్న తూకం, పదింతలు చూపే భూతద్దం, ఎటు కావాలంటే అటు వంగే టేబుల్ లైటు. మొత్తం రెండు వేలు దాటదు.

ఆనాటి నాణెం సుత్తి దెబ్బతో పుట్టింది. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో వేడి లోహపు బిళ్ల. అందుకే అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఒక్కోసారి చీలుతుంది. ఆ చీలిక లోపం కాదు, దాన్ని చూసి బెదరక్కర్లేదు. నకిలీల్లో ఎక్కువ భాగం పోత పోసినవి. అంచు చుట్టూ సన్నటి గీత, దాన్ని ఆకురాయితో రుద్దిన గుర్తులు, మైదానంలో, అంటే బొమ్మ చుట్టూ ఉండే ఖాళీ జాగాలో, సూదిమొన బుడగలు, సబ్బు అరిగినట్టు మెత్తబడ్డ అక్షరాలు, వీటిలో ఏ రెండు కనిపించినా వదిలేయండి. తూకం మరీ తేడాగా ఉన్నా అంతే, అయితే ఈ కాలపు టంకశాలలు తూకంలో అశ్రద్ధగా ఉండేవి కాబట్టి అర గ్రాము తేడాకే అనుమానించకండి.

చవక రకాలకు నకిలీలు తక్కువే, చేసేవాడికి గిట్టుబాటు కాదు గదా. అరుదైన పేర్ల దగ్గరే మోసం. అసలు నాణేన్నే తీసుకుని అక్షరాలు గీకి మార్చేవాళ్లున్నారు. అక్షరాల చుట్టూ మైదానం పల్లంగా, మెరుపు తేడాగా ఉందేమో దీపం వాల్చి చూడండి. పాతకాలపు లోహంలో కొత్తగా తవ్విన గాడి వేరే రంగులో మెరుస్తుంది.

ఐదో మెట్టు: వేలంలో అసలు ధర లెక్కగట్టండి

వీకాయిన్స్, ఎంఏ-షాప్స్ లాంటి వెబ్‌సైట్లలో చాలామంది దుకాణదారులు ఒకే గొడుగు కింద ఉంటారు, ధర రాసే ఉంటుంది. వేలంలో అలా కాదు. మీరు 50 డాలర్లకు పాడితే దాని మీద సంస్థ రుసుము ఉంటుంది, చాలాచోట్ల 20 శాతం దాకా. అక్కడికే 60. పోస్టు, బీమా 20–25. మన దేశానికి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం ఎంతో ముందే కనుక్కోవాలి. కాబట్టి మీ గరిష్ఠ పాటను వెనక్కి లెక్కగట్టండి: చేతికొచ్చేసరికి ఎంత పెట్టగలరో అది రాసుకుని, అందులోంచి ఇవన్నీ తీసేయగా మిగిలిందే మీ పాట. ఏసీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో పాత వేలాల ఫొటోలు దొరుకుతాయి. ఒక ఎమిలియన్ కొనేముందు కనీసం ముప్ఫై ఎమిలియన్‌లను చూడండి, కన్ను దానంతటదే తయారవుతుంది.

నా వరకు ఒక నియమం పెట్టుకున్నాను. ముఖం, పేరు, ఈ రెండూ పూర్తిగా ఉంటే బొరుసు అరిగినా కొంటాను. మూడు నెలలు ఏలి పోయినవాడి ముఖం కోసమే గదా ఈ తాపత్రయం. బొరుసు మీది దేవతలు వందేళ్లుగా అందరి నాణేల మీదా ఉన్నవాళ్లే.

హోస్టిలియన్ లాంటివాళ్ల విషయంలో ఇంకో దారి ఉంది. యువరాజుగా, అంటే సీజర్‌గా ఉన్నప్పటి నాణేలు, అగస్టస్ అయ్యాక కొట్టినవాటి కన్నా సులువుగా దొరుకుతాయి. ముఖం అదే.

ఆరో మెట్టు: 238 సంవత్సరాన్ని విడిగా పెట్టుకోండి

ఒక్క ఏడాదిలో ఆరుగురు చక్రవర్తులు. ఆఫ్రికాలో పన్నుల బాధ తట్టుకోలేక భూస్వాములు తిరగబడి, ముసలి గవర్నరు గోర్డియన్‌ను, అతని కొడుకును గద్దెనెక్కించారు. మూడు వారాలు. కొడుకు కార్తేజ్ దగ్గర యుద్ధంలో చచ్చాడు, తండ్రి ఉరేసుకున్నాడు. రోమ్‌లో సెనేటు అప్పటికే చక్రవర్తి మాక్సిమినస్‌కు ఎదురుతిరిగి ఉంది, వెనక్కి పోలేదు. బాల్బినస్‌నూ ప్యుపియెనస్‌నూ కలిపి ఎన్నుకుంది. సుమారు మూడు నెలలు.

ఈ ఇద్దరి ఆంటోనినియానస్‌లు దొరికితే వదలకండి. బొరుసు మీద రెండు చేతులు గట్టిగా పట్టుకుని ఉంటాయి, చుట్టూ పరస్పర ప్రేమ, పరస్పర విశ్వాసం అని రాసి ఉంటుంది. నిజానికి ఒకరినొకరు నమ్మేవారు కాదు. అంతఃపుర రక్షక దళం చంపడానికి వచ్చినప్పుడు ప్యుపియెనస్ తన జర్మన్ అంగరక్షకులను పిలుద్దామన్నాడు. అది తన మీద కుట్రేమోనని బాల్బినస్ అడ్డుపడ్డాడు. ఆ వాదన తెగేలోపే ఇద్దరినీ ఈడ్చుకెళ్లి చంపేశారు. ఆ కలిపిన చేతులను ఈ కథ తెలిశాక చూడండి. గుర్తుపట్టడమూ తేలికే: పొడుగు ముఖం, పొడుగు గడ్డం ప్యుపియెనస్‌ది, బొద్దు బుగ్గలు, రెండు మడతల గవద బాల్బినస్‌ది.

గోర్డియన్‌ల దగ్గర మాత్రం జాగ్రత్త. మూడో గోర్డియన్ (238–244) నాణేలు కుప్పలుతెప్పలుగా ఉంటాయి. చీటీ మీద "గోర్డియన్" అన్నంత మాత్రాన ఎగిరి గంతేయకండి. తండ్రీకొడుకుల నాణేల మీద బిరుదుకు ముందు "ఎ-ఎఫ్-ఆర్" అని ఉంటుంది, ఆఫ్రికానస్ అని. అది లేకపోతే మనవడిదే. మనవడు గడ్డం లేని కుర్రాడు కూడా. తండ్రీకొడుకులిద్దరికీ అక్షరాలు ఒకటే, నుదుటి మీద జుట్టు చూసి విడదీయాలి: వెనక్కి జరిగిన జుట్టు, బట్టతల నుదురు కొడుకుది.

ఏడో మెట్టు: చట్టం మరచిపోకండి

మన నేలకూ రోమన్ నాణేలకూ పాత చుట్టరికమే. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో వెయ్యికి పైగా వెండి డెనారియస్‌లు దొరికాయి. వినుకొండలో బంగారు నాణేలు దొరికాయి. కానీ ఇక్కడ దొరికే వెండి ఎక్కువగా తొలి చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ కాలానిది, మన మూణ్ణాళ్ల రాజులకు రెండు శతాబ్దాల ముందుది. మిరియాలకూ మల్లుగుడ్డకూ మంచి వెండి అడిగిన వర్తకులు, రాగి మీద వెండి పూతను ఎందుకు తీసుకుంటారు? కాబట్టి "మా ఊరి పొలంలో దొరికిన క్వింటిల్లస్" అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. నిజంగా పొలంలోనే దొరికిందంటే ఇంకా దూరంగా ఉండండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

1972 పురావస్తు చట్టం కింద వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించడం నిషేధం, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ సేకరిస్తున్నవాళ్లకు నా సలహా: సెలవులకు వస్తూ నాన్నగారికి చూపిద్దామని పెట్టె పట్టుకురాకండి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో చిక్కు మీకే. ఫొటోలు చూపించండి. ఎక్కడ కొన్నా బిల్లు, పాత వేలం వివరం, అమ్మినవాడి పేరుతో ఉన్న ఉత్తరం, అన్నీ దాచండి.

ఎనిమిదో మెట్టు: చింతపండు దగ్గరకు రానివ్వకండి

మా అమ్మ ఒక దసరాకు ఇత్తడి సామాన్లతో పాటు నా టాసిటస్‌ను కూడా చింతపండుతో తోమేసింది. "ఎంత మురికో చూడు" అని మురిసిపోయింది కూడా. పదిహేడు వందల ఏళ్లు నిలిచిన పల్చటి వెండి పూత పళ్లెంలో నల్లటి నీళ్లుగా మారింది. మిగిలింది గులాబీ రంగు రాగి బిళ్ల. అప్పట్నుంచి నాణేల పెట్టెకు తాళం.

శుభ్రం చేయాలనిపిస్తే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి బట్టతో అద్దండి, అంతే. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో చాలావాటిలో పీవీసీ ఉంటుంది, అది నాణెం మీద జిగురుపచ్చ పొర కడుతుంది, మైలార్ కవర్లే అడిగి తీసుకోండి. విశాఖలో, కాకినాడలో ఉండేవాళ్లకు సముద్రపు తేమ పెద్ద శత్రువు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రెండు నెలలకోసారి మార్చండి. లేతపచ్చ పొడి రాలుతూ కనిపిస్తే అది మామూలు చిలుము కాదు, లోహాన్ని తినేసే రోగం. వెంటనే ఆ నాణేన్ని మిగతావాటి నుంచి విడదీసి పొడిగా పెట్టండి, లేకపోతే పెట్టెలో అన్నిటికీ తగులుకుంటుంది.

తొమ్మిదో మెట్టు: ఖాళీ గడులు ఉంచండి, కుప్పలు వెతకండి

మీ పట్టికలో కొన్ని పేర్లు ఎప్పటికీ నిండవు. సిల్బన్నాకస్‌వి తెలిసినవి రెండే నాణేలు. రెండో డొమిషియన్‌ది (271) ఇంకా చిత్రం. 1900లో ఫ్రాన్స్‌లో ఒకటి దొరికితే చాలాకాలం అది దొంగ నాణెమనే కొట్టిపారేశారు. 2003లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర చాల్‌గ్రోవ్‌లో ఒక కుండ దొరికింది, సుమారు 5,000 నాణేలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. విడదీసి శుభ్రం చేస్తుంటే వాటి మధ్య అదే ముఖం, అదే పేరు. రెండు నాణేలనూ ఒకే అచ్చుతో కొట్టారు. అంతవరకు దొంగ అన్నవాళ్లు ఒప్పుకోక తప్పలేదు. రెండోది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని యాష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

దూరం నుంచి చూస్తే ఆ నాణెం మారియస్ తర్వాత గాల్‌ను ఏలిన విక్టోరినస్‌ది కావచ్చు, టెట్రికస్‌ది కావచ్చు. అదే గడ్డం, అదే మొనల కిరీటం. ఆ ఇద్దరి నాణేలు పది, ఇరవై చొప్పున కుప్పగా తక్కువ ధరకు అమ్ముతారు. అలాంటి కుప్ప ఎప్పుడైనా కొంటే, ఆదివారం పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుని ఒక్కోదాన్నీ తిప్పుతూ చివరి బిరుదుకు ముందున్న అక్షరాలు చదవండి. నేను ఇప్పటిదాకా నూట నలభై చదివాను. అన్నీ టెట్రికస్‌లే, ఒక్కటి మాత్రం మారియస్.